ఊరు మారిన మండువా ఇంటికి పాత రూపు ఎలా తేవాలి?

తోటలో_కోడలు (విశాఖపట్నం):
హిరమండలం రిజర్వాయరు ముంపులో పోతున్న ఊళ్ళో ఒక మండువా ఇంటి కలపంతా మా మావగారు కొని, లారీల మీద తెచ్చి ఆనందపురం అవతల మా తోటలో మళ్ళీ ఎత్తించారు. అక్కడ గడప పెకలిస్తే కింద 1891 నాటి విక్టోరియా రాణి వెండి రూపాయి దొరికిందట. అది మా అత్తగారి బీరువాలో భద్రంగా ఉంది.

ఇల్లు ఎత్తిన మేస్త్రికి తొందరెక్కువ. కలపకి నంబర్లు వెయ్యలేదు. స్తంభాల కాళ్ళు కాంక్రీటులో పాతేశాడు, మండువా మీద, అంటే ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉండే గుంట మీద, ఫైబర్ షీటు కప్పేశాడు. తలుపులకి చాక్లెట్ రంగు ఎనామిల్. నేలకి పరిచిన టైల్స్ చూస్తే కల్యాణమండపంలో నిలబడ్డట్టుంటుంది. గోడలంటారా, కొత్త ఇటుక, సిమెంటు. మావగారు పోయాక తోట మా చేతికొచ్చింది. హోటల్ పెట్టే ఉద్దేశం లేదు, మేమే ఉంటాం. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? మా ఆయన ముందు రంగులంటారు. నాకేమో పైకప్పు దిగులు. ఇప్పుడున్నవి బెంగుళూరు పెంకులు. మొదట్లోనూ అవేనా?

వాసాల_పిచ్చి:
రూపాయి చెప్పేది ఒక్కటే, ఇల్లు 1891కి ముందుది కాదని. బెంగుళూరు పెంకులని మనం పిలిచేవి మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865 నుంచే చేస్తున్నారు కాబట్టి కాలాన్ని బట్టి తేలదు. వాసాల్ని అడగండి. నిచ్చెనెక్కి వాసం పైమొహం చూడండి. పాత మేకుల బెజ్జాలు అడుగు పైచిలుకు ఎడంలో ఉంటే బెంగుళూరు పెంకులే. రెండు మూడు అంగుళాలకొకటి ఉంటే దగ్గర దగ్గరగా చెక్క బద్దలు మేకులతో బిగించి, వాటి మీద గూన పెంకులు (వంపు తిరిగిన నాటు పెంకులు) నేశారన్నమాట. రెండు రకాల బెజ్జాలూ ఉంటే మధ్యలో ఎవరో మార్చారు.

నంబర్లు లేవని దిగులుపడకండి. పాత వడ్రంగులు కీళ్ళ దగ్గర ఉలితో గంట్లు పెట్టుకునేవారు. రంగు కింద దొరకొచ్చు.

మేస్త్రి_బాబాయ్:
ఏటమ్మా, రంగులు తరవాత. ముందు స్తంభాల కాళ్ళు చూడు. కాంక్రీటులో పాతిన కర్ర అడుగునుంచే కుళ్ళిపోద్ది, తడి లోపలే నిలిచిపోద్ది మరి. మన తాతలు రాతి పీట మీద నిలబెట్టేవోరు, ఊరికే కాదు. దూలం కింద జాకీలెట్టి బరువు దించి, కుళ్ళిన ముక్క కోసి, అదే జాతి పాత కర్ర ఏటవాలు అతుకేసి, రాతి పీట మీద కూకోబెట్టాలి. ఒక్కోసారి ఒక్కటే. రెండు ఎత్తేవంటే పైనున్న కూర్పు కదిలిపోద్ది.

షీటు పీకెయ్. గానీ ముందు తూము సంగతి చూడు. అక్టోబరు తుపాన్లో నాలుగు వాలుల నీళ్ళూ ఆ గుంటలోకే దిగుతాయి. తూము సన్నంగా ఉంటే నడవలోకి వచ్చేస్తాది. ఉప్పుగాలికి ఇనప మేకులు ఆగవు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడు.

సున్నంబట్టి:
ఒక మాట, చాలామందికి నచ్చదు. సిమెంటు గోడల్ని బద్దలుకొట్టి సున్నంతో మళ్ళీ కట్టమని ఎవరైనా అంటే వినకండి. ఆ గోడలు మీ మావగారి కాలంవి, అలాగే ఉండనివ్వండి. ప్లాస్టిక్ పెయింటు గీకేసి సున్నం వెయ్యండి, చాలు. తలుపుల ఎనామిల్ మాత్రం పొడిగా రుద్దకండి. అడుగున పాత పూతలుంటే సీసం ఉండొచ్చు. రిమూవర్ పూసి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ముందు బందు పక్కన అంగుళం మేర పొరలు పొరలుగా తీసి చూస్తే మొదటి రంగు కనిపిస్తుంది. నూనె పూతే అయితే అవిసె నూనె చాలు.

తోటలో_కోడలు:
ఈ ఆదివారం నిచ్చెనెక్కాం. రెండు రకాల బెజ్జాలూ ఉన్నాయి! దగ్గరదగ్గరవి పాతవి, తుప్పు పట్టిన మేకు ముక్కలు ఇంకా లోపలే ఉన్నాయి. వీధి వైపు స్తంభం ఒకటి స్క్రూడ్రైవరు గుచ్చితే వేలెడు దిగింది. రంగుల మాట మా ఆయనే మానేశారు. బాబాయ్, జాకీల పని తెలిసిన వడ్రంగి మీ ఎరికలో ఉంటే చెప్పండి. ఎవరైనా పాత ఇల్లు విప్పుతూ గూన పెంకులు అమ్ముతుంటే కూడా. లారీ మేమే తెచ్చుకుంటాం.