విశాఖ తీరంలో అపార్ట్‌మెంటుకు గాలి భారం: టెర్రైన్ కేటగిరీ 1 తీసుకోవాలా, 3 చాలునా?

కొత్త_ఇంజనీరు: విశాఖలో సముద్రానికి ఎదురుగా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ డిజైన్ చేస్తున్నాను. గాలి భారాలపై భారతీయ ప్రమాణం (కోడ్) ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం ఇక్కడ బేసిక్ విండ్ స్పీడ్, అంటే లెక్కకు మూలంగా తీసుకునే గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు. మూడు వైపులా ఇళ్లు దట్టంగా ఉన్నాయి, తూర్పున సముద్రమే. ఏ టెర్రైన్ కేటగిరీ (చుట్టుపక్కల గాలికి ఎంత అడ్డు ఉందో చెప్పే తరగతి) తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

స్తంభం_దూలం: నగరం మధ్య స్థలం కనుక కేటగిరీ 3. పది మీటర్ల ఎత్తులో k2 (చుట్టూ ఉన్న అడ్డును, ఎత్తును బట్టి గాలి వేగాన్ని సవరించే గుణకం) విలువ 0.91 వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగానే తీరం దాటినా కాంక్రీటు ఫ్రేములు (స్తంభాలు, దూలాలు) నిలబడ్డాయి. లేని భయానికి స్టీలు పెంచడం కొనేవారిపై భారం మోపడమే.

సాగరతీరం: తుపాను గాలి మీ ఊరి ఇళ్లను దాటుకుని రాదు, నేరుగా సముద్రం మీది నుంచి వస్తుంది. అడ్డులేని సముద్రతీరం కేటగిరీ 1 అని కోడే చెబుతోంది. అక్కడ k2 1.05. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది కనుక, 0.91కి బదులు 1.05 తీసుకుంటే ఒత్తిడి దాదాపు మూడో వంతు పెరుగుతుంది.

గోదారి_గట్టు: గాలి దిక్కును బట్టి కేటగిరీ మార్చుకోవచ్చని కోడ్ అనుమతిస్తోంది కదా?

స్తంభం_దూలం: సాగరతీరం గారూ, మూడో వంతు పెరిగినా ఐదంతస్తుల ఫ్రేములో స్తంభాల సైజు ఏమంత మారుతుంది? కూలిన కాంక్రీటు భవనం ఒక్కటి చూపించండి.

సాగరతీరం: మీరు పదేపదే ఫ్రేము దగ్గరే ఆగుతున్నారు. హుద్‌హుద్ నాడు మా ఫ్లాటులో సముద్రం వైపు స్లైడింగ్ కిటికీ చట్రంతో సహా లోపలికి వచ్చి పడింది, ఆ వెంటనే వెనక బాల్కనీ తలుపు బయటికి ఊడిపోయింది. స్ట్రక్చర్‌కు ఏమీ కాలేదని బిల్డరు చేతులు దులుపుకున్నాడు. మీరూ అదే మాట అంటున్నారు.

స్తంభం_దూలం: నన్ను ఆ బిల్డరుతో జత కట్టకండి. కిటికీలు నా పరిధిలో లేవు, వాటికి నాకు ఫీజూ ఇవ్వరు. ఒకసారి మందమైన గ్లాసు వేయాలని డ్రాయింగులో రాసినందుకు, తరువాతి ప్రాజెక్టు నా చేతి నుంచి తీసి మరొకరికి ఇచ్చారు.

సాగరతీరం: మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ లెక్క ఆ కిటికీ మీదే ఆధారపడి ఉంది. గోడలో తెరిచిన భాగం 5 శాతం లోపేననుకుని లోపలి ఒత్తిడి గుణకం (గాలి ఒత్తిడిలో ఎంత వంతు భవనం లోపల పనిచేస్తుందో చెప్పేది) 0.2 తీసుకుంటారు, పెద్ద కిటికీలు పోయి ఆ భాగం 20 శాతం దాటితే అది 0.7 అవుతుంది. పైగా వంద చదరపు మీటర్ల ముఖానికి ఏరియా తగ్గింపుతో (పెద్ద ముఖమంతటా గాలి ఒకేసారి గరిష్ఠంగా తాకదు కనుక ఇచ్చేది) 0.8 గుణకం వాడుకునే మీకు, పది చదరపు మీటర్లలోపు కిటికీకి ఏ తగ్గింపూ లేదని తెలియనిది కాదు. ఫ్రేము కంటే కిటికీకే కఠినమైన లెక్క కావాలి, దాన్నే ఎవరూ చేయడం లేదు.

స్తంభం_దూలం: అయితే మన తగవు కేటగిరీ గురించి కాదు, బాధ్యత గురించి. కిటికీ తట్టుకోవలసిన ఒత్తిడిని డ్రాయింగులో రాసి ఇస్తాను. అల్యూమినియం పనివాడు బిగించినది దానికి సరిపోతుందని సంతకం చేయమంటే మాత్రం చేయను.

సాగరతీరం: ఇంజనీరు కాక ఇంకెవరు చేస్తారు? ఫ్లాటు కొనుక్కునే మామూలు మనిషా?

కొత్త_ఇంజనీరు: తూర్పు ముఖానికి కేటగిరీ 1 తీసుకున్నాను. పది మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1.65 కిలోన్యూటన్లు వచ్చింది. మూలల్లో బయటికి లాగే ఒత్తిడి ఎక్కువ కనుక అక్కడి కిటికీలకు విడిగా లెక్క వేస్తున్నాను. కిటికీల పరీక్ష ఫలితం ఎవరు తెచ్చి చూపాలో ఒప్పందంలో లేదు. స్లాబు పనులు మొదలయ్యేలోపు అది రాతపూర్వకంగా తేల్చమని బిల్డరును అడుగుతాను.