ఆఫీస్ పక్కన థాయ్ హోటల్‌లో వెజ్ వాళ్ళు ఏం ఆర్డర్ చేస్తున్నారు?

రెడ్‌మండ్ కొత్తోడు:
అందరికీ నమస్తే. నేను ఇండియా నుంచి రెడ్‌మండ్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా ఆఫీస్‌కి రెండు వీధుల అవతల, డ్రై క్లీనింగ్ షాపు పక్కన చిన్న థాయ్ హోటల్ ఉంది, పది టేబుల్స్ కూడా ఉండవు. లంచ్ స్పెషల్ 13 డాలర్లు, కూర, అన్నం, చిన్న కప్పుతో సూపు, ఒక స్ప్రింగ్ రోల్ ఇస్తారు, ఈ చుట్టుపక్కల ఇంత తక్కువలో వేడి అన్నం ఇంకెక్కడా దొరకలేదు నాకు. పుట్టినప్పటి నుంచి వెజ్, గుడ్డు కూడా తినను. అందుకని టోఫు గ్రీన్ కర్రీ తీసుకునేవాణ్ణి, ఆ కొబ్బరిపాల మీద పచ్చటి నూనె తేలుతూ, నిమ్మగడ్డి వాసన వస్తూ, పొగలు కక్కుతూ గిన్నె ముందుకొస్తే ఇంట్లో తిన్నట్టే ఉండేది. మొన్న గురువారం మా టీమ్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి ఒకావిడ నాతో లంచ్‌కి వచ్చి, నువ్వు వెజ్ అన్నావు కదా ఇదెలా తింటున్నావు, ఆ కూరకి నూరే మసాలా ముద్దలో రొయ్యలు ఉంటాయి అంది. చెంచా అక్కడే పెట్టేశా. మూడు నెలలుగా వారానికి మూడుసార్లు తిన్నానండి. ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు, మనసు మనసులో లేదు. ఆ హోటల్ వదులుకోవాలని కూడా లేదు, వాళ్ళు చాలా మంచివాళ్ళు. వెజ్ వాళ్ళు అసలు ఏం తింటున్నారు, ఎలా అడుగుతున్నారు చెప్పండి ప్లీజ్.

బెల్లెవ్యూ పాతకాపు:
తమ్ముడూ బాధపడకు, నాకూ 2011లో అచ్చం ఇలాగే జరిగింది, నాది రెడ్ కర్రీ. మెనూలో టోఫు అని రాస్తే అది ముక్కల సంగతే, చికెన్ బదులు టోఫు వేస్తారంతే, గ్రేవీ అందరికీ ఒకటే. గ్రీన్, రెడ్ కర్రీలకి ముద్ద నూరేటప్పుడే కపి అని పులియబెట్టిన రొయ్యల ముద్ద కలిపేస్తారు. ఫిష్ సాస్ సంగతి వేరు, అది చాలా వంటల్లో వండేటప్పుడు బాణలిలో పోస్తారు కాబట్టి వద్దంటే మానేస్తారు. పోపులో ఇంగువ వద్దంటే మానొచ్చు గానీ నూరేసిన పచ్చడిలోంచి వెల్లుల్లి తియ్యలేం కదా, అదే తేడా. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ థాయ్ హోటల్‌కి వెళ్ళినా ఏది అడగొచ్చో ఏది అడగకూడదో నీకే తెలిసిపోతుంది. ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త, చింతపండు, బెల్లం లాంటి తాటి చక్కెర, ఫిష్ సాస్ మూడూ కలిపి పొద్దున్నే సాస్ చేసి పెట్టుకునే హోటళ్ళు ఎక్కువ, అప్పుడు వాళ్ళు కూడా ఏం చెయ్యలేరు. వెడల్పు నూడుల్స్‌తో చేసే ప్యాడ్ సీ యూ అడుగు, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్, గుడ్డు మూడూ వద్దని చెప్పి ఒట్టి సోయా సాస్‌తో చెయ్యమను. కూరే కావాలంటే ముద్ద డబ్బా చూపించమని మర్యాదగా అడుగు. చిన్న హోటళ్ళలో చాలామంది కొన్న ముద్దే వాడతారు, అమెరికాలో 2004లో వచ్చిన చట్టం ప్రకారం చేప, రొయ్య ఉంటే లేబుల్ మీద రాయాల్సిందే. రొయ్యలు లేని ముద్దలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఆ సూపు కూడా అడుగు, మామూలుగా చికెన్ నీళ్ళతో చేస్తారు.

ఉప్పుచేప ప్రియుడు:
నేను నాన్‌వెజ్ కాబట్టి నా మాట వేరనుకో, కానీ బయట తినేటప్పుడు ఇంత లోతుకి పోతే ఎక్కడా తినలేం బ్రో, తెలియక తిన్నది తప్పు కాదు. ఆ హోటల్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే ప్యాడ్ క్రపావ్ అడగండి, సన్నగా కొట్టిన మాంసం, మిరపకాయలు, వెల్లుల్లి పెద్ద మంట మీద వేయించి పైన వేయించిన గుడ్డు పెడతారు. క్రపావ్ అంటే మన తులసే, కాకపోతే ఇక్కడ అది దొరక్క చాలామంది వేరే తియ్య బేసిల్ వేస్తారు. మా అమ్మమ్మ వచ్చినప్పుడు తులసి ఆకు కూరలో వేస్తారా అని ప్లేటు కూడా ముట్టలేదు. కారం ఇక్కడ స్టార్లలో అడుగుతారు కదా, మన నోటికి నాలుగు చాలు, ఐదు అంటే గుంటూరు వాళ్ళకి కూడా కళ్ళనీళ్ళు వస్తాయి, ఆ చిన్న మిరపకాయ అలాంటిది.

బెల్లెవ్యూ పాతకాపు:
తప్పని ఎవరూ అనట్లేదు తమ్ముడూ, ఇప్పుడు తెలిసింది కాబట్టి అడుగుతున్నాడు. తినే కంచంలో ఏముందో అడగడం ఎవరికైనా హక్కే, అవతల కిచెన్‌లో ఉన్నవాళ్ళు కూడా చెప్తే సంతోషంగా చేస్తారు, నేను పదేళ్ళ పైనుంచి చూస్తున్నా.

బ్యాంకాక్‌లో ఉంటున్నా:
ఆరేళ్ళుగా బ్యాంకాక్‌లో ఉద్యోగం, ఇంట్లో అందరం వెజ్, అందుకే రాస్తున్నానండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు, ఫిష్ సాస్ పర్లేదేమో అనుకునేవాళ్ళే ఎక్కువ. "జే" అని అడగండి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, మన ఇళ్ళలో కార్తీకమాసంలో కొందరు వండుకున్నట్టే. ఏటా దాదాపు అక్టోబర్ ప్రాంతంలో తొమ్మిది రోజులు ఇక్కడ ఊరంతా పసుపు జెండాలు కడతారు, వాటి మీద ఎర్రక్షరాలతో ఆ మాటే ఉంటుంది, ఫుకెట్‌లో అయితే ఇంకా పెద్దగా చేస్తారు. ఆ హోటల్ వాళ్ళు నిజంగా థాయ్ వాళ్ళైతే ఈ ఒక్క మాటతో వాళ్ళకి మొత్తం అర్థమవుతుంది. ఇంకా కావాలంటే "మై సై నామ్ ప్లా, మై సై కపి" అనండి, ఫిష్ సాస్ వెయ్యొద్దు, రొయ్యల ముద్ద వెయ్యొద్దు అని. అసలు ఆ గ్రీన్ కర్రీ మీకు ఇంటి తిండిలా అనిపించడం వింతేం కాదు, ఇక్కడ అందులో ఉస్తికాయలు వేస్తారు, మనం పులుసు పెట్టుకునేవే. ముద్దలో అల్లం లాంటి దుంపరాష్ట్రం, ధనియాలు, జీలకర్ర కూడా ఉంటాయి. రద్దీ టైమ్‌లో మాత్రం అడక్కండి, వాళ్ళకి ఊపిరాడదు.

రెడ్‌మండ్ కొత్తోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. మంగళవారం రెండింటికి వెళ్ళా, నేను తప్ప ఎవరూ లేరు. కౌంటర్ దగ్గర ఆంటీకి విషయం చెప్పా, ఆవిడ ఒక్క నిమిషం అని లోపలికెళ్ళి మూత మీద పచ్చటి మరకలున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లేబుల్ చివర్లో రొయ్య అని ఉంది. ఆవిడ మొహం చిన్నబోయింది, ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు, నువ్వు మాంసం వద్దంటున్నావనే అనుకున్నా అని రెండు చేతులూ జోడించి సారీ చెప్పింది, నాకే ఏదోలా అనిపించింది. ప్యాడ్ థాయ్ సాస్ కూడా కలిపేసి ఉంది, పాతకాపు అన్న చెప్పినట్టే. నేను "జే" అనగానే ఆవిడ నవ్వి, ఆర్డర్ స్లిప్ మీద థాయ్‌లో పెద్దగా రాసి లోపలికిచ్చింది, బాణలి కడిగిన చప్పుడు నాకు బయటికి వినిపించింది. వెడల్పు నూడుల్స్, బ్రోకలీ, టోఫు, సోయా సాస్‌తో చేసి తెచ్చింది, వెల్లుల్లి వేసుకుంటావా అని కూడా అడిగి వేసింది. నూడుల్స్ అంచులు కాస్త మాడి ఆ పొగ వాసనతో చాలా బాగుంది, టేబుల్ మీద వెనిగర్‌లో నానేసిన మిరపకాయలు వేసుకుని మొత్తం తినేశా. సూపు బదులు దోసకాయ ముక్కలు పెట్టింది.

అమ్మకి ఆదివారమే ఫోన్‌లో చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తెలిసి తినలేదు కదరా అని, ఇప్పుడు మరి మధ్యాహ్నం ఏం తింటున్నావ్ అని అడిగింది.

రొయ్య లేని గ్రీన్ ముద్ద సరుకులు తెచ్చుకునే చోట దొరుకుతుందేమో చూస్తానంది ఆంటీ, శుక్రవారం మళ్ళీ వెళ్తున్నా, దొరికితే లేబుల్ చదివి ఇక్కడే రాస్తా.