ఇల్లు విడిచినవారికే ఇంటి ఆనందం తెలుస్తుందా?

మారతహళ్లి గోదావరి:
బెంగళూరుకు వచ్చి పన్నెండేళ్లయింది. ఇంటర్ చదివే రోజుల్లో మా కాకినాడ ఇంట్లోంచి ఎప్పుడు బయటపడతానా అని రోజులు లెక్కపెట్టిన నేనే, ఇప్పుడు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కగానే లేచి తలుపు దగ్గర నిలబడుతున్నాను. గడప దాటనివారికి ఈ ఆనందం తెలియదని నా వాదన.

నిలకడ:
అది వచ్చేవారి ఆనందం. అరిసెల పాకం పట్టేవారిని కూడా అడిగి వాదించండి. ఇంతకీ ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తున్నారు?

మారతహళ్లి గోదావరి:
రెండుసార్లు. కిందటి సంక్రాంతికి టికెట్టు దొరకలేదు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు.

నిలకడ:
120 రోజులున్నప్పుడు ప్రతి పండగకూ వెళ్లారా? బెంగళూరు మడివాళలో బస్సులు లేవా?

రెండిళ్ల పిల్ల:
వెళ్లాలని ఉందా అని నన్నెవరూ అడగలేదు. పెళ్లి చేసి పంపారు.

మడివాళ ప్రయాణికుడు:
పండగ ముందు ప్రైవేటు బస్సు ఛార్జీలు చూసి మాట్లాడండి.

మారతహళ్లి గోదావరి:
నిలకడ గారూ, మీ తగవు టికెట్టుతో కాదు. ఊరు వదిలినవాళ్లమంతా తల్లిదండ్రులను గాలికి వదిలేశామన్నట్టు అడుగుతున్నారు. నెలనెలా డబ్బు పంపుతున్నాను, రోజూ ఫోన్ చేస్తున్నాను.

నిలకడ:
అవును, టికెట్టుతో కాదు. నాకూ వెళ్లిపోవాలని ఉండేది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చినా, అన్నయ్య అప్పటికే బెంగళూరులో స్థిరపడ్డాడు గనుక, పక్షవాతంతో మంచాన పడిన నాన్నగారి దగ్గర ఒకరైనా ఉండాలని ఆగిపోయాను. ఏడాదికోసారి అన్నయ్య ఆటో దిగితే, నాన్నగారు తనను లేపి కూర్చోబెట్టమని నాకే సైగ చేసేవారు. రోజూ కూర్చోబెట్టే నన్ను చూసి ఆ ముఖం అలా వెలిగిన రోజు ఒక్కటీ గుర్తులేదు. ఆయన పోయాక నలభై రెండో ఏట నేనూ బెంగళూరు వచ్చాను. ఇప్పుడు నేను రైలు దిగినా తలుపు తీసేవారు లేరు, తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. మీరు చెప్పిన ఆనందం గడప దాటినా నాకు దొరకలేదు.

మారతహళ్లి గోదావరి:
అందులో మీ అన్నయ్యగారి తప్పేముంది? నా వాదన నేను వదులుకోను. అయితే మా తమ్ముడు కాకినాడలోనే ఉన్నాడు. ప్రతిసారీ స్టేషనుకు బండి తెచ్చేది వాడే. వాడికి ఎక్కడికైనా వెళ్లాలని ఉండేదేమో నేనెప్పుడూ అడగలేదు.

మడివాళ ప్రయాణికుడు:
జనవరి 12 ప్రయాణానికి బుకింగు నవంబరు 13 ఉదయం ఎనిమిదింటికే కదా తెరుస్తారు?