ఫైవిష్: సూర్యుడి పేరా, ఆయుష్షు పేరా?

సుజాత (ఎడిసన్): బ్రూక్లిన్ యూదుల విద్యాసంస్థల గురించి చదువుతుంటే ష్రాగా ఫైవెల్ మెండ్లోవిట్జ్ (1886–1948) అనే పెద్దాయన పేరు తగిలింది. ష్రాగా అంటే అరమాయిక్‌లో దీపం. ఫైవెల్ అనేది ఫైవిష్‌కి ముద్దుపేరు. ఈ ఫైవిష్‌కి మాత్రం రెండు కథలున్నాయి. గ్రీకుల సూర్యదేవుడు అపోలోకున్న ఫీబస్ అనే బిరుదు నుంచి వచ్చిందని కొందరు, లాటిన్‌లో 'ప్రాణమున్నవాడు' అనే వివుస్ నుంచని ఇంకొందరు. అంత నిష్ఠగలవాళ్లు పిల్లాడికి అన్యదేవుడి పేరు పెడతారా? నాకు మింగుడుపడట్లేదు.

కృష్ణలంక రాజు: ఎందుకు పెట్టరండీ? బైబిల్లోని మొర్దెకై పేరులో బాబిలోను దేవుడు మర్దూక్ లేడా? 19వ శతాబ్దపు జర్మనీ యూదుల్లో ఇసిడోర్‌లు బోలెడుమంది, అంటే ఐసిస్ దేవి ఇచ్చినవాడని. వాడుకలో పడ్డాక ఏ దేవుడో ఎవడికి కావాలి! పైగా 'ఊరి ష్రాగా ఫైవిష్' అని మూడూ కలిపి పెట్టేవాళ్లు. ఊరి అంటే హీబ్రూలో నా వెలుగు, ష్రాగా దీపం, ఫీబస్ ప్రకాశించేవాడు. ఇంకేం రుజువు కావాలి?

పాతలిపి: రాజు గారూ, ఊరి, ఫీబస్ అనే ఆ జంట మీకు బాగా కనపడేది ఏ కాలంలో? ఆమ్‌స్టర్‌డామ్‌లో యిడ్డిష్‌లో (తూర్పు, మధ్య ఐరోపా యూదుల వాడుక భాష) బైబిల్ అచ్చేసిన ఊరి ఫీబస్ హలేవీ 17వ శతాబ్దం మనిషి. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు సంగతి చూడండి. 1240లో పారిస్‌లో తాల్ముద్ (యూదుల ధర్మచర్చల గ్రంథం) మీద విచారణ జరిగితే యూదుల తరఫున నిలబడి వాదించిన రబ్బీ యెహియేల్‌కి ఫ్రెంచి వాడుకపేరు సిర్ వివెస్. యెహియేల్‌లో ఉన్నది 'బతుకు' అనే ధాతువు, హయీం అనే పేరులోనూ అదే. అంటే గుడిలో పిలవడానికి హీబ్రూ పేరు, బజారులో దాని అర్థమే ఉన్న స్థానిక భాష పేరు.

ఇక ఉచ్చారణ. వైటస్ అంటామే, ఆ లాటిన్ వీటుస్ అనే సాధువు పేరు జర్మన్ నోట్లో పడి 'ఫైట్' అయింది. మొదటి 'వ' కాస్తా 'ఫ' అయింది, దీర్ఘం 'ఈ' కాస్తా 'ఐ' అయింది. వివుస్ నుంచి వచ్చిన వీవిస్‌కి అదే చేయండి, ఏమొస్తుంది? ఫైవిస్. చివరి 'స్' 'ష్'గా మారడం ఆ వైపు మామూలే.

కృష్ణలంక రాజు: గ్రీకువాళ్లు ఫీబస్‌ని పలికేది 'ఫీవోస్' అని. దానికీ మీ సూత్రం అక్షరాలా సరిపోతుంది! గ్రీకు పేర్లు జర్మనీలోని రైన్ నది తీరానికి రాలేదనకండి. కలోనిమోస్ అచ్చ గ్రీకు, 'మంచి పేరు' అని అర్థం. అదే తరవాత కల్మాన్ అయింది.

పాతలిపి: బాగా పట్టారు. కానీ కలోనిమోస్‌కి ఒక కుటుంబం ఉంది, ఇటలీలోని లుక్కా నుంచి రైన్ తీరంలోని మైంజ్‌కి వచ్చినవాళ్లు. దారి కనపడుతోంది. వివెస్ వైపూ అంతే, 14వ శతాబ్దంలో స్ట్రాస్‌బర్గ్‌లో వివెలిన్ అనే పెద్ద వడ్డీ వ్యాపారి ఉన్నాడు. ఫీబస్‌కి అలాంటి మధ్యయుగపు మనిషిని ఒక్కణ్ణి చూపించండి చాలు. నా అనుమానం, రాతలో 'పే', 'బేత్' అనే హీబ్రూ అక్షరాలు (ప/ఫ, బ/వ) చూసిన చదువుకున్నవాళ్లకి ఫీబస్ గుర్తొచ్చి, దానికి తగ్గట్టు ఊరి, ష్రాగా తగిలించారు.

తణుకు శాస్త్రి: మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. సంకల్పంలో చెప్పే పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి ఉండటం మనకీ ఉన్నదే. యూదులకి దానితో పెద్ద చిక్కు ఎక్కడంటే విడాకుల పత్రం దగ్గర. దాన్ని గెట్ అంటారు. అందులో పేరు తప్పుపడితే పత్రమే చెల్లకపోవచ్చు, ఆ ఆడమనిషి మళ్లీ పెళ్లి చేసుకోవడానికి లేకుండా పోతుంది. అందుకే ఏ పేరు ఎలా రాయాలో పండితులు జాబితాలు కట్టారు. యూదుల ధర్మశాస్త్రం మీద 'బేత్ ష్ముయెల్' అనే ప్రసిద్ధ వ్యాఖ్యలో అలాంటిదొకటి ఉంది. రాసినాయన తండ్రి పేరేమిటో తెలుసా? ఊరి ష్రాగా ఫీబస్!

కృష్ణలంక రాజు: చూశారా! పుట్టుక వివెస్ అనే అనుకుందాం. మూడు వందల ఏళ్లుగా తల్లిదండ్రులు వెలుగనుకునే పెడుతున్నారు. ఇప్పుడు దాని అర్థం వెలుగే.

పాతలిపి: అర్థం దగ్గర నాకు పేచీ లేదు. సుజాత గారు అడిగింది అన్యదేవుడి పేరు తెచ్చి పెట్టారా అని. పెట్టలేదనే నేనంటున్నా. మధ్యయుగపు ఫీబస్ దొరికితే చెప్పండి, మాట మార్చుకుంటా.