ఒకే కోచ్ దగ్గరే ఉండాలని కాగితం రాయించుకోవచ్చా? వెయిట్‌లిఫ్టింగ్ పిల్లల తల్లిదండ్రులు చెప్పండి

అయ్యకోనేరు గట్టు:
మా అమ్మాయికి 14 ఏళ్లు. విజయనగరంలో ఒక ప్రైవేటు జిమ్‌లో రెండేళ్లుగా వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. ఆదివారాలు అమ్మమ్మగారి ఊరు కొండవెలగాడ వెళ్లినప్పుడు, వరసకి తాతయ్య అయ్యే ఒకాయన దగ్గర ఓ గంట బార్ పట్టుకుంటుంది. ఆ ఊళ్లో బరువులెత్తని ఇల్లు వెతుక్కోవాలి, మీకు తెలిసిందే. పోయిన వారం కోచ్ గారు రెండు పేజీల కాగితం ఇచ్చారు. ఇంకెక్కడా ప్రాక్టీసు చెయ్యకూడదు, సెలవుల్లో క్యాంపులకి కూడా వెళ్లకూడదు. మానేస్తే ఏడాది ఫీజు కట్టాలి, జిల్లా పోటీలకి జిమ్ తరఫున ఎంట్రీ పంపరు. సంతకం పెట్టమంటారా?

నాగావళి నీళ్లు:
ఏటండీ ఇది, గుంటని కొనుక్కున్నారా ఏటి? మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారిది వీరఘట్టం, పేరు తెచ్చుకున్నది విజయనగరంలో. మా కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఆవిడ ఊళ్లో మొదలెట్టి నేషనల్ క్యాంపులకెళ్లి ఇంకొందరి దగ్గర నేర్చుకున్నారు. 2000లో సిడ్నీలో స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఆవేళ ఊళ్లోనే ఎవరో ఇలాటి కాగితం రాయించుకునుంటే? సంతకం పెట్టకండి.

బరువుల బాబాయ్:
నేనూ చిన్న జిమ్ నడుపుతున్నాను, అందుకని కోచ్ వైపు మాట కూడా వినండి. నేషనల్ క్యాంపు వేరు, ఆదివారం తాతయ్య వేరు. క్యాంపుకి వెళ్తే ఆ రోజులన్నీ వాళ్ల ప్రోగ్రామే నడుస్తుంది. ఇక్కడ అలా కాదు. శనివారం నేను బరువైన స్క్వాట్లు చేయించి ఆదివారం విశ్రాంతి రాస్తాను. అక్కడ పిల్ల మళ్లీ జెర్క్ కొడుతుంది. సోమవారం మోకాలు నొప్పి అంటుంది, నేను టెక్నిక్ తప్పనుకుని పాదాలు మారుస్తాను. తప్పు పాదాల్ది కాదు, నాకు తెలియని ఆ గంటది.

ఇంకోటి, పౌడర్లు. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కేజీల్లో మన కొండవెలగాడ మత్స సంతోషికి ముందు కంచు వచ్చింది. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికాక అది వెండి అయింది. ఆ అమ్మాయికి అప్పుడు 16 ఏళ్లు. ఒంట్లో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది క్రీడాకారిణే. ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. మా పిల్ల ఎక్కడ ఏం తాగుతోందో నాకు తెలియొద్దా?

నాగావళి నీళ్లు:
తెలియాలి బాబాయ్, ఎవరు కాదన్నారు? తెలియడం వేరు, వెళ్లొద్దనడం వేరు. పౌడరు డబ్బా మీ జిమ్ అలమార్లోంచి రాదని గ్యారంటీ ఏటి?

బొబ్బిలి టు డల్లాస్:
మా అమ్మాయి ఇక్కడ ఆల్‌స్టార్ చీర్‌లీడింగ్ చేస్తుంది. ఐపీఎల్‌లో చూసేది కాదండోయ్. రెండున్నర నిమిషాల రొటీన్, అందులో గెంతులూ పల్టీలూ, మనిషిని గాల్లోకి విసిరి పట్టుకోవడం. పైన ఒక అమ్మాయి, కింద ముగ్గురో నలుగురో. కింద పట్టేవాళ్లలో ఒకరికి మడమ బెణికితే పైనున్న పిల్ల నేలమీద పడుతుంది. అందుకే మా జిమ్ సీజన్ మొత్తానికి సంతకం పెట్టించుకుంది, ఇంకో జిమ్ టీమ్‌లో ఉండకూడదని. అది నాకు సబబే అనిపించింది. కానీ పల్టీల క్లాసు కూడా బయట తీసుకోవద్దన్నారు. మా జిమ్‌లో అదే క్లాసు ఉంది, దానికి వేరే ఫీజు. అక్కడ నాకు అర్థమైపోయింది.

మీ అమ్మాయి స్టేజీ ఒక్కతే ఎక్కుతుంది. ఆమె ఆదివారం అలిసిపోతే ఇంకో పిల్ల మెడ విరగదు. కాబట్టి మా జిమ్‌కున్న మొదటి కారణం మీ కోచ్‌కి లేదు. రెండోది ఉందేమో చూసుకోండి.

బరువుల బాబాయ్:
మా దగ్గర ఫీజు ఎంతండీ, అమెరికా డాలర్లా? రెండోది నాకు వర్తించదు.

గంటస్తంభం వకీలు:
చట్టం సంగతి. 18 నిండని వాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదని బ్రిటిష్ కాలం నాటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే మొహరీ బీబీ కేసులో తేల్చింది. అమ్మాయి సంతకానికి విలువ లేదు. తండ్రిగా మీరు పెడితే అది మీ మీదకొస్తుంది. అయినా ఏడాది ఫీజు మొత్తం అంత తేలిగ్గా రాబట్టలేరు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసినా, అది దాటకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. వాట్సాప్‌లో అందరూ 27వ సెక్షన్ అంటారు గానీ అది వృత్తి, వ్యాపారాలకి అడ్డుపడే ఒప్పందాల గురించి. మీ అమ్మాయిది ఇంకా వ్యాపారం కాదు కదా.

ఇక ఎంట్రీ పంపనన్న లైను ఉంది చూశారూ, మిమ్మల్ని నిజంగా బిగించేది అది. పోటీ తేదీ దాటాక కోర్టు ఏమిచ్చినా పిల్లకి ఆ ఏడాది తిరిగి రాదు.

బరువుల బాబాయ్:
సరే, కడుపులో మాట చెప్పేస్తాను. రెండేళ్లు కర్రతో మొదలెట్టి, తర్వాత ఖాళీ బార్‌తో నేర్పించాను ఒక కుర్రాడికి. రాష్ట్ర పోటీల ముందు నెల్లాళ్లు ఇంకో చోటకెళ్లాడు. మెడల్ వచ్చింది. ఫ్లెక్సీలో నా పేరు లేదు. ఆ వారమే మా కాగితంలో ఈ లైన్లు చేరాయి.

అయ్యకోనేరు గట్టు:
ఈ మాట ముందే చెప్పుంటే సగం గొడవ ఉండేది కాదు బాబాయ్. పేరు కావాలంటే పేరు వెయ్యాలని రాయించుకోండి, నేను కళ్లు మూసుకుని సంతకం పెడతాను. దానికి పిల్ల కాళ్లు కట్టెయ్యడం ఎందుకు?

నిన్న సాయంత్రం మా కోచ్ గారితో మాట్లాడాను. ఆదివారం ఏం ఎత్తింది, ఎన్నిసార్లు ఎత్తింది, ఏం తిన్నది తాతయ్య ఒక నోటుబుక్కులో రాసి పంపుతారన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆదివారాలకి ఒప్పుకుని ఫీజు లైను పెన్నుతో కొట్టేశారు. ఎంట్రీ లైను మాత్రం అలాగే ఉంచారు, నవ్వుతూనే. కాగితం ఇంకా మా ఇంట్లో టీవీ మీదే ఉంది.

మన రెండు జిల్లాల్లో జిమ్‌తో పనిలేకుండా తల్లిదండ్రులే జిల్లా సంఘానికి నేరుగా ఎంట్రీ పంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?