బలెనో 1.6కి టర్బో: ముందు ఫోర్జ్‌డ్ పిస్టన్లా, స్టాక్ ఇంజన్ మీదే తక్కువ బూస్టా?

మలక్‌పేట్_జీ16

పాత బలెనో, 1590 సీసీ పెట్రోల్, బోర్ 75, స్ట్రోక్ 90. కంపెనీ లెక్కన 94 గుర్రాలు. కంప్రెషన్ టెస్ట్‌లో నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, లీక్‌డౌన్ (సిలిండర్‌లోంచి గాలి ఎంత కారుతోందో చూసే పరీక్ష) కూడా బానే ఉంది. వాడకం రోజూ మలక్‌పేట నుంచి గచ్చిబౌలి, ఆదివారం ఔటర్. ఏసీ పనిచేయాలి, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఉడకకూడదు.

టర్బో అనేసరికి ముగ్గురు మూడు మాటలు చెప్తున్నారు. ఒకాయన ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి గట్టిగా చేసిన) పిస్టన్లు, రాడ్లు (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేవి) వేశాకే టర్బో జోలికి వెళ్లమంటాడు. ఇంకొకాయన ఇంజన్ విప్పొద్దు, 0.5 బార్ బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి పీడనం) పెట్టి డబ్బంతా ట్యూనింగ్ మీద పెట్టమంటాడు. మూడో ఆయనది చవక దారి: మందం గ్యాస్కెట్‌తో కంప్రెషన్ దించి, స్క్రాప్‌లో దొరికే 1.3 డీజిల్ స్విఫ్ట్ టర్బో బిగించడం. తెలిసినవాళ్లు కారణాలతో సహా చెప్పండి.

స్లో_స్పూల్

రెండోదే. ముందు మీకెంత పవర్ కావాలో తేల్చుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి పీడనం సుమారు 0.95 బార్. గేజ్‌లో 0.5 చూపిస్తే మానిఫోల్డ్‌లో (ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టంలో) ఉన్నది 1.45. 94ని 1.45తో గుణించి, వేడి కింద ఓ ఏడు శాతం తీసేస్తే 125 పైచిలుకు గుర్రాలు. టార్క్ 130 నుంచి 180 న్యూటన్ మీటర్ల దాకా పోతుంది. టన్ను బరువున్న కారుకి రోడ్డు మీద ఇది చాలు. 160 కావాలంటే 0.85–0.9 బార్ కావాలి, అక్కడినుంచి లెక్క వేరు: పిస్టన్లు, రాడ్లు, క్లచ్, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), ఆ తర్వాత గేర్‌బాక్స్.

స్టాక్ (కంపెనీ నుంచి వచ్చిన) రాడ్లని వంచేది గుర్రాలు కాదు, తక్కువ ఆర్‌పీఎమ్‌లో వచ్చిపడే టార్క్. 2,500 దగ్గర ఫుల్ బూస్ట్ ఇచ్చే చిన్న టర్బో వేసి నాలుగో గేర్‌లో తొక్కితే 0.5 బార్‌తోనైనా రాడ్ వంగవచ్చు. 3,500 దాకా బూస్ట్‌ని మెల్లగా రానివ్వండి, పైన 6,200 ఆర్‌పీఎమ్ దాటకుండా కట్ పెట్టండి. 90 మి.మీ. స్ట్రోక్‌లో 6,500 దగ్గర సగటు పిస్టన్ వేగం సెకనుకు 19.5 మీటర్లు, పాత రాడ్ బోల్టులని అంతకుమించి పరీక్షించడం దండగ.

బాలానగర్_బోరింగ్

అన్నా, లెక్క మంచిగుంది. కానీ స్టాక్ పిస్టన్ ఎప్పుడు పోతదో నువ్వు చెప్పలే. పవర్ ఎక్కువైతే పోదు, రింగ్ గ్యాప్ (పిస్టన్ రింగ్ రెండు కొసల నడుమ సందు) చాలక పోతది.

కంపెనీ ఇంజన్‌లో పై రింగ్ గ్యాప్ 0.20–0.30 మి.మీ. దగ్గర పెడ్తరు. ఎందుకంటే అది టర్బో లేని ఇంజన్, రింగ్ అంత వేడెక్కదు. బూస్ట్ వస్తే రింగ్ వేడెక్కి సాగుతది, రెండు కొసలు తగుల్తయి. ఇంక సాగనీకి జాగా ఉండదు, గోడను గీకుతది, రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల నడుమ గట్టు) ముక్కలైతది. స్టాక్ పిస్టన్ పోత పోసింది, వంగదు, పగుల్తది. ఆ ముక్క టర్బైన్ల పడితే ఇంజన్‌తోపాటు టర్బో కూడా పాయె.

రోడ్డు మీద తిరిగే టర్బోకి బోర్‌ని 0.005తో గుణించుకో. 75కి 0.375 వస్తది. రెండో రింగ్ 0.40 పైన పెట్టు, దాంట్లో గ్యాప్ తక్కువైతే నడుమ ప్రెజర్ చిక్కి పై రింగ్ ఎగురుతది. దీనికోసం ఎట్లైనా ఇంజన్ విప్పాలె. విప్పినంక మళ్ల పాత పిస్టన్లే ఎక్కిస్తవా? మజూరీ ఒక్కటే కదా. ఫోర్జ్‌డ్ వేస్తే ఓ పని అయిపోతది.

స్లో_స్పూల్

మజూరీ ఒకటే కావచ్చు, సామాన్లు ఒకటి కాదు. జీ16కి (ఈ బలెనో ఇంజన్‌కి) పిస్టన్లు షెల్ఫ్ మీద దొరకవు, ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. అది వచ్చేదాకా కారు షెడ్‌లోనే.

పైగా ఫోర్జ్‌డ్ అనగానే అందరూ 2618 అల్యూమినియం మిశ్రమంతో చేసినవి తెప్పిస్తారు. అది వేడికి బాగా వ్యాకోచిస్తుంది కాబట్టి 75 బోర్‌లో గోడకీ పిస్టన్‌కీ మధ్య 0.075 నుంచి 0.10 మి.మీ. దాకా ఖాళీ వదలాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా టకటకమంటుంది, ఆయిల్ కూడా కాస్త తాగుతుంది. రోజువారీ కారుకి 4032 మిశ్రమం నయం, 0.05–0.06తో సరిపోతుంది. నాక్ (మంట చేరకముందే పెట్రోల్-గాలి మిశ్రమం తనంతట తాను పేలడం) దెబ్బలు తట్టుకోవడంలో మాత్రం 2618 కంటే ఒక మెట్టు కింద.

ఇంకోటి. ఫోర్జ్‌డ్ పిస్టన్ నాకింగ్‌ని ఆపదు. ఓర్చుకుంటుంది, అంతే. మ్యాప్ (ఇంధనం, టైమింగ్ అంకెల పట్టిక) తప్పుంటే అదే దెబ్బ హెడ్ గ్యాస్కెట్‌కో, బేరింగ్ షెల్స్‌కో పోతుంది.

లాంబ్డా_080

ముందు మూడో దారి సంగతి తేల్చేద్దాం, పాపం దాన్నెవరూ ముట్టుకోలేదు.

ఒక్కో సిలిండర్ 397.5 సీసీ. కంప్రెషన్ 9.5 అనుకుంటే పిస్టన్ పైన మిగిలే ఖాళీ 46.8 సీసీ. 8.5కి దించాలంటే 53 కావాలి, అంటే 6.2 సీసీ పెంచాలి. 75 బోర్ వైశాల్యం 44.2 చదరపు సెం.మీ. భాగిస్తే గ్యాస్కెట్ 1.4 మి.మీ. మందం పెరగాలి.

ఇంత పెంచితే రెండు నష్టాలు. పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య సన్నటి సందులోంచి మిశ్రమం నొక్కుకుని మధ్యలోకి దూకడం వల్లే మంట వేగంగా పాకుతుంది. సందు ఒక మి.మీ. లోపు ఉంటేనే ఆ పని జరుగుతుంది. దాన్ని రెండు దాటిస్తే అంచుల్లో మిశ్రమం కదలకుండా పడి ఉంటుంది, నాక్ మొదలయ్యేది సరిగ్గా అక్కడే. కంప్రెషన్ దించింది నాక్ తగ్గాలనే కదా! రెండోది, హెడ్ పైకి లేస్తుంది కాబట్టి టైమింగ్ బెల్ట్ జ్యామితి మారి క్యామ్ కొంచెం వెనకబడుతుంది. సర్దుబాటు చేసే పుల్లీ లేకపోతే అలాగే ఉండిపోతుంది. కంప్రెషన్ దించాలంటే పిస్టన్ తలలో డిష్‌తోనే దించాలి. 0.5 బార్‌కైతే దించక్కర్లేదు, 9.5 అలాగే ఉంచి ఇగ్నిషన్ వెనక్కి లాగితే (ప్లగ్గు కాస్త ఆలస్యంగా వెలిగేలా చేస్తే) చాలు.

డీజిల్ టర్బో సంగతి. ఆ 1.3 ఇంజన్ 75 గుర్రాలది, టర్బైన్ దానికి తగ్గట్టే బుల్లిది. 1.6 పెట్రోల్ మీద 2,200కే బూస్ట్ వచ్చేసి మజాగా ఉంటుంది, 4,500 దాటాక ఎగ్జాస్ట్ పోవడానికి దారి ఉండదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వెనక్కి తన్నిన వేడి వాయువు సిలిండర్‌లోనే మిగులుతుంది, మళ్లీ నాక్. డీజిల్ ఎగ్జాస్ట్ 750–800 డిగ్రీలు, పెట్రోల్‌ది బూస్ట్‌లో 900 దాటుతుంది. హౌసింగ్ పగుళ్లిస్తుంది. కదిలే రెక్కల రకమైతే రెక్కలు పట్టేస్తాయి, బూస్ట్ మీ చేతిలో ఉండదు. పెట్రోల్ కారుదే, వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) ఉన్నదే తీసుకోండి.

బాలానగర్_బోరింగ్

గ్యాస్కెట్ మాట నూటికి నూరు నిజం. రాగి రేకు కోసి రెండు గ్యాస్కెట్ల నడుమ పెట్టేటోళ్లు ఇంకా ఉన్నరు, నెల తిరగకముందే కూలెంట్ ఆయిల్ల కలుస్తది.

స్టీల్ పొరల ఎమ్‌ఎల్‌ఎస్ గ్యాస్కెట్ వేస్తే మాత్రం ఫేసింగ్ (మొహం చదును చేసుడు) మామూలుగ చేస్తే నడవదు. నునుపు ఆర్‌ఏ 1.2 మైక్రాన్ల లోపు రావాలె, బ్లాక్‌కి, హెడ్‌కి రెండిటికి. చేత్తో ఎమెరీ కాగితం రుద్దితే కాదు. లేత్ ఆయన్ను ఆర్‌ఏ ఎంతొస్తదని అడుగు. మొహం తేలేస్తే వేరే షాప్ చూస్కో. హోనింగ్ చేసేటప్పుడు టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందం పలక) బిగించి చెయ్యమను, హెడ్ బిగిస్తే బోర్ గుండ్రం తప్పుతది కాబట్టి. పాత హెడ్ బోల్టులు మళ్ల వాడకు.

మలక్‌పేట్_జీ16

మూడో దారి పోయింది, సంతోషం. 0.5 బార్ దారిలో ఇంధనం సంగతి? ఇప్పుడు బంకుల్లో అంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). ఇంజెక్టర్లు మార్చకుండా ఫ్యూయల్ ప్రెజర్ పెంచితే సరిపోతుందని ఒక ట్యూనర్ మాట.

లాంబ్డా_080

చాలదు. లెక్క రాస్తాను, మీరే చూడండి. టర్బో పెట్రోల్‌కి గుర్రానికి గంటకు 270 గ్రాముల ఇంధనం వేసుకోవాలి. 160 గుర్రాలకి 43 కిలోలు, అంటే సుమారు 58 లీటర్లు. నాలుగు ఇంజెక్టర్లకి పంచి, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) దాటకుండా చూస్తే ఒక్కోటి నిమిషానికి 305 సీసీ. ఇది మామూలు పెట్రోల్‌కి. ఈ20లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే లాంబ్డాకి (గాలి, ఇంధనం పాళ్ల కొలతకి) తొమ్మిది శాతం దాకా ఎక్కువ పోయాలి, 330 దాటింది. 380 సీసీవి వేయండి. 125 గుర్రాలకి లెక్క 260 దగ్గర ఆగుతుంది, దానికీ 94 గుర్రాల ఇంజన్‌కి వచ్చిన ఇంజెక్టర్లు చాలవు. ప్రెజర్ రెట్టింపు చేస్తే ప్రవాహం పెరిగేది 1.41 రెట్లే. పాత పంపు ఆ ప్రెజర్ దగ్గర చేతులెత్తేస్తుంది. గంటకు 190 లీటర్ల పంపు వేసి, రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి పైపు ఇవ్వండి, బూస్ట్ ఎంత పెరిగితే ఇంధన ప్రెజరూ అంతే పెరగాలి.

ఈ20ని అందరూ తిడుతున్నారు కానీ టర్బోకి అది శత్రువు కాదు. ఆక్టేన్ 95కి దగ్గరగా ఉంటుందని ప్రభుత్వమే చెప్తోంది, ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. బాధంతా పాత కారు రబ్బర్లతో. ట్యాంక్ నుంచి ఇంజెక్టర్ల రైలు దాకా గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి, ఓ రింగులు కూడా. కారు వారాల తరబడి నిలబెడితే ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, ఆ పెట్రోల్‌తో బూస్ట్‌లోకి వెళ్లకండి. ట్యూనింగ్ 14.7 (మామూలు పెట్రోల్‌కి గాలి, ఇంధనం నిష్పత్తి) అంకెతో కాదు, లాంబ్డాతో చేయించండి. బూస్ట్‌లో 0.80–0.82.

మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ పీడనం కొలిచేది) మర్చిపోవద్దు. టర్బో లేని కార్ల సెన్సర్ వాతావరణ పీడనం దాటితే గుడ్డిది. 2.5 బార్‌ది వేసి స్టాండలోన్ ఈసీయూ (కంపెనీదాని బదులు విడిగా పెట్టే ఇంజన్ కంప్యూటర్) పెట్టండి. పిగ్గీబ్యాక్‌తో (సెన్సర్ సంకేతాలు మార్చే అదనపు పెట్టెతో) కంపెనీ ఈసీయూని మోసం చేస్తే నాక్ వచ్చేవేళకి దానికేమీ తెలియదు.

స్లో_స్పూల్

ఇంటర్‌కూలర్ గురించి ఒక మాట. మే నెలలో 40 డిగ్రీల గాలిని 0.5 బార్ నొక్కితే టర్బో నుంచి 100 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది, 0.9 బార్ అయితే 130 పైన. 70 శాతం పనిచేసే ఇంటర్‌కూలర్ మొదటిదాన్ని 58కి, రెండోదాన్ని 68కి దించుతుంది. ఆ పది డిగ్రీల తేడాకే ఇగ్నిషన్ వెనక్కి లాగాల్సి వస్తుంది. అయితే ఇంటర్‌కూలర్ నేరుగా ఏసీ కండెన్సర్ ముందు పెట్టేస్తే ట్రాఫిక్‌లో ఏసీ చచ్చిపోతుంది. సన్నటిది, రేడియేటర్ అంత వెడల్పు, సగం ఎత్తు ఉన్నది పెట్టి, రెండో ఫ్యాన్ వేయండి. గాలి టెంపరేచర్ సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉండాలి, 60 దాటితే ఈసీయూ తనంతట తానే టైమింగ్ తగ్గించేలా.

నాగోల్_నట్‌బోల్ట్

ఇంత లెక్కల మధ్య చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణలో 182ఏ వచ్చింది: ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఈ పాత 1.6 బలెనోలన్నీ ఇప్పుడు 15 ఏళ్లు దాటినవే, ఐదేళ్లకోసారి ఆర్టీఏలో తనిఖీ చేయించుకుని రెన్యూ చేసుకోవాలి. ప్రమాదం జరిగితే బీమావాళ్లు చూసే మొదటి చోటు బానెట్ కింద.

బాలానగర్_బోరింగ్

తమ్ముడు చెప్పింది కరెక్టే, తెలిసి దిగాలె. ఔటర్ మీద డేటా లాగ్ తీస్తా అని ఫుల్ థ్రాటిల్ గుంజుడు కూడ బంద్ పెట్టండి, 120 లిమిట్ ఉన్న రోడ్డది. డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీదనే చెయ్యాలె.

మలక్‌పేట్_జీ16

చట్టం విషయం గుర్తుంచుకుంటాను. 0.5 బార్‌కే మొగ్గుతున్నా, రింగ్ గ్యాప్ కోసం ఇంజన్ విప్పుతాను. ఇంకొక్క ప్రశ్న: టర్బో వేశాక నీలం పొగ వస్తుందని చాలామంది అంటారు, టర్బో సీల్ పాడైనట్టేనా?

బాలానగర్_బోరింగ్

పదిట్ల ఎనిమిదిసార్లు సీల్ మంచిగనే ఉంటది, రిటర్న్ పైపు తప్పుంటది. టర్బోలకెళ్లి ఆయిల్ ప్రెజర్‌తోని రాదు, బరువుతోనే కిందికి జారుతది. పైపు లోపలి వ్యాసం 16 మి.మీ. తగ్గొద్దు. ఎక్కడ కూడ పైకి లేవొద్దు, అడ్డంగ పడుకోవద్దు. సంప్‌ల (ఇంజన్ కింద ఆయిల్ తొట్టిల) ఆయిల్ మట్టానికి పైనే కలవాలె, అందుకే సంప్ దింపి కొత్త మూతి వెల్డింగ్ చేపిస్తరు. దింపకుండ డ్రిల్ కొడ్తే ఆ పొట్టు ఆయిల్ పంపుల పోతది. రిటర్న్ మంచిగున్నా పొగ వస్తే క్రాంక్‌కేస్ ప్రెజర్ చూడు. పాత పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిరిని బయటికి వదిలేది) బూస్ట్‌ని ఉల్టా లోపలికి వదుల్తది, వన్‌వే వాల్వ్ వేసి క్యాచ్ క్యాన్ (ఆయిల్ ఆవిరి పట్టే డబ్బా) పెట్టు. అవి రెండూ చూసినంకనే టర్బో విప్పు.

లాంబ్డా_080

పైదానికి చేర్చాల్సింది: ప్లగ్గులు ఒక మెట్టు చల్లవి, గ్యాప్ 0.7 మి.మీ. వైడ్‌బ్యాండ్ (లాంబ్డా కొలిచే) సెన్సర్ టర్బైన్ తర్వాత అర మీటరు పైన దూరంలో, టర్బైన్ ముందు పెడితే వేడికి పోతుంది. డైనో మీద ముందు వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ప్రెజర్‌తోనే, 0.3 దగ్గర, ఇంధనం సరిచేయండి. టైమింగ్ తక్కువ నుంచి మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచండి, టార్క్ పెరగడం ఆగిన చోట ఆగిపోండి. నాక్ వినే హెడ్‌ఫోన్ పెట్టుకోమనండి. 75 బోర్‌లో ఆ శబ్దం 7.6 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, చెవికి విడిగా వినిపించే సరికి ఆలస్యమైపోతుంది. జనవరి పొద్దున చేసిన మ్యాప్‌ని మేలో మళ్లీ చూపించండి.

స్లో_స్పూల్

రింగులు విప్పినప్పుడు రాడ్ బోల్టులు కూడా మార్చేయండి, బేరింగ్ షెల్స్ ప్లాస్టిగేజ్‌తో (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ తీగతో) కొలవండి. పిస్టన్లు పాతవే ఉంచండి. బాలానగర్ అన్న ఒప్పుకోడు, అయినా ఉంచండి.

బాలానగర్_బోరింగ్

ఒప్పుకోను. 0.5 పెట్టినోడు ఆర్నెల్లల్ల 0.8 పెడ్తడు. బూస్ట్ కంట్రోలర్ కొనకపోతే అప్పుడు పాతవే ఉంచుకో.