మైనీ జెలెట్ 'డెకరేషన్' పద్ధతి: బంగారు రేకు అంచు దగ్గర సందేహం

ఐరిష్ చిత్రకారిణి మైనీ జెలెట్ (1897-1944) 1923లో డబ్లిన్‌లో ప్రదర్శించిన 'డెకరేషన్' అనే చిత్రం పద్ధతిలో చిన్న చెక్క పలక మీద అభ్యాసం నడుస్తోంది. అసలుది టెంపెరా (గుడ్డు సొనతో కలిపిన రంగు), బంగారు రేకు. దాన్ని చూసి కవి జార్జ్ రసెల్ 'కళా మలేరియా' అని ఈసడించాడు. ఆ మాట ఇప్పటికీ ఆమె కంటే ముందు నడుస్తుంటుంది, అదో చికాకు.

కూర్పుతో ఇబ్బంది లేదు. పారిస్‌లో తోటి చిత్రకారిణి ఈవీ హోన్‌తో కలిసి క్యూబిస్టు చిత్రకారుడు ఆల్బెర్ గ్లేజ్ దగ్గర ఆమె సాధన చేసిన పద్ధతే: ముందు పలక అంచులకు సమాంతరంగా దీర్ఘచతురస్రాలను పక్కలకు జరపడం, తర్వాత వాటినే ఒక ఇరుసు చుట్టూ తిప్పడం. తిప్పడం ముందే మొదలుపెడితే బొమ్మ నిలవదు, జారిపోతున్నట్టు ఉంటుంది.

చిక్కంతా రంగుకూ రేకుకూ కింద వేసే పూతల్లో. కుందేలు తోలు జిగురు ఒక వంతుకు నీళ్లు పది వంతులు, మరగనివ్వకుండా వేడిచేసి సుద్దపొడి కలిపి ఎనిమిది పూతలు. పై పూతల్లో జిగురు ఘాటైతే నెర్రెలు. గట్టిగా కలిపితే గాలి బుడగలు, ఆరాక సూదిగుంటలు. గుడ్డు సొన రంగుకు రేకు అంటుకుంటుంది గనుక బంగారమే ముందు వేస్తున్నాం.

ఇక అడగాల్సింది: రంగు బంగారాన్ని తాకే చోట గీత పదునుగా రావాలంటే రేకును గీత దాటించి వేసి, ఎక్కువైంది గీకేయాలా, లేక గీత దగ్గరే ఆపాలా? గీకితే కింది సుద్ద పెచ్చులూడుతోంది. ఆపితే సన్నటి తెల్ల సందు మిగులుతోంది. ఐకాన్ పలకలు (చెక్క మీద వేసే క్రైస్తవ దైవచిత్రాలు) చేసేవాళ్లు, లేదా డబ్లిన్ నేషనల్ గ్యాలరీలో అసలు పలక అంచుల్ని దగ్గరగా చూసినవాళ్లు చెప్పగలరా?